ప్రింటర్ మింగేసిన ఒత్తులు: ఇంక్‌జెట్‌లో ప్రింట్ సరిగా రానప్పుడు ఏం చూడాలి

నాది ఇంట్లో కూర్చుని ప్రూఫులు దిద్దే పని. తెర మీద ఎన్నిసార్లు చదివినా, ఆఖరి ప్రూఫు కాగితం మీద చూస్తేనే నాకు తప్పులు కంటికి తగులుతాయి. అందుకే నా బల్ల పక్కన ఎప్పుడూ ఒక ఇంక్‌జెట్ ప్రింటర్ ఉంటుంది.

ఒకసారి 140 పేజీల పుస్తకం దిద్దుతుంటే కొన్ని పేజీల్లో ‘బాధ’ కాస్తా ‘బాద’గా, ‘ధైర్యం’ కాస్తా ‘దైర్యం’గా కనబడ్డాయి. 11 చోట్ల ఎర్ర సిరాతో ఒత్తులు పెట్టి పంపాను. మర్నాడు రచయిత ఫోన్ చేసి, "అమ్మా, ఫైల్లో ఒత్తులన్నీ ఉన్నాయి కదా" అన్నారు. తెరిచి చూశాను. ఉన్నాయి. ఆ కాగితాలు మళ్ళీ తీసి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూస్తే, ‘ధ’ కింద గీత ఉండాల్సిన చోట పేజీకి అడ్డంగా సన్నటి తెల్ల చార కనబడింది. కొంచెం కిందకి మరొకటి, మళ్ళీ అంతే దూరంలో ఇంకొకటి. ప్రింటర్‌లో పక్కపక్కనే ఉన్న కొన్ని రంధ్రాలు మూసుకుపోయి, ఆ గీతల మీద సిరా పడలేదు. పెద్ద అక్షరాల్లో అయితే ఇది కంటికి ఆనదు. 10 పాయింట్ల తెలుగులో మాత్రం మాట మారిపోవడానికి ఒక చార చాలు.

ఆ రోజు కంగారులో హెడ్ క్లీనింగ్ బటన్, అంటే సిరా చిమ్మే భాగాన్ని ప్రింటరే శుభ్రం చేసుకునే బటన్, వరసగా ఏడుసార్లు నొక్కాను. ట్యాంకుల్లో సిరా కళ్ళెదుటే దిగిపోయింది, చారలు మాత్రం పోలేదు, పైగా ఇంకో రెండు కొత్తగా వచ్చాయి. ఆ తర్వాత నిదానంగా నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ప్రింట్ బాగా రాకపోతే ముందు చెయ్యాల్సింది క్లీనింగ్ కాదు. నాజిల్ చెక్ అనే ఒక్క కాగితం తీసి, దాన్ని జాగ్రత్తగా చదవాలి.

నాజిల్ చెక్ కాగితం

ప్రింట్ హెడ్ అడుగున సిరా చిమ్మే రంధ్రాలుంటాయి. వాటినే నాజిల్స్ అంటారు. ఒక్కోటి సుమారు 20 మైక్రాన్ల వెడల్పు, అంటే మన వెంట్రుక కన్నా సన్నం. అందులోంచి వచ్చే బొట్టు కొన్ని పికోలీటర్లు. ఒక పికోలీటరంటే లీటరులో లక్ష కోట్లవ వంతు. ఇంత చిన్న రంధ్రం దగ్గర సిరా ఆరిపోయినా, చిన్న గాలి బుడగ ఇరుక్కున్నా బొట్టు పడదు.

నాజిల్ చెక్ వేస్తే ప్రింటర్ ఒక్కో రంగులో చిన్న చిన్న గీతలో, గళ్ళో, పట్టీలో వేస్తుంది. ప్రింటర్ మీద ఉండే చిన్న తెరలోనో, కంప్యూటర్‌లో ప్రింటర్ సెట్టింగ్స్‌లో మెయింటెనెన్స్ అన్నచోటో ఇది దొరుకుతుంది. దీనికి ఖర్చయ్యే సిరా చాలా తక్కువ. హెడ్ క్లీనింగ్‌కి అలా కాదు, అది పంపుతో సిరాను లాగి పారబోస్తుంది.

గీతలన్నీ ఎక్కడా తెగకుండా ఉంటే నాజిల్స్‌కి ఏ దోషమూ లేదని అర్థం. అప్పుడు ఎంత క్లీనింగ్ చేసినా ఉపయోగం ఉండదు. తప్పు కాగితంలోనో, సెట్టింగ్‌లోనో, ఫైల్లోనో, అలైన్‌మెంట్‌లోనో ఉంటుంది. గీతలు తెగి ఉంటే అప్పుడు నాజిల్స్ సంగతి చూడాలి. ఈ రెండు దారులూ వేరు. సిరా, డబ్బు, ఓపిక మూడూ వృథా అయ్యేది ఇవి కలిపేసుకున్నప్పుడే.

పసుపు గీతల్ని తెల్ల కాగితం మీద చూడడం కష్టం. నీలం రంగు ప్లాస్టిక్ కవరు అడ్డం పెట్టుకుని చూడండి. పసుపు ముదురుగా కనబడి, ఎక్కడ తెగిందో తెలిసిపోతుంది.

ఇంకొక అలవాటు చేసుకోండి. ప్రతి నాజిల్ చెక్ కాగితం మీద తేదీ, టైమ్ రాసి దాచండి. నా దగ్గర ఒక ఫైలు నిండా ఉన్నాయి. ఎందుకో కింద చెప్తాను.

చెక్ బాగుండి ప్రింట్ బాగా లేకపోతే

ముందు కాగితం చూడండి. ఫొటో పేపర్‌కి ఒక వైపే పూత ఉంటుంది. రెండో వైపు వేస్తే సిరా ఇంకదు, మడుగు కట్టి చెరిగిపోతుంది. మా అమ్మాయి ఒకసారి తాతయ్య ఫొటో అలాగే వేసి, ప్రింటర్ పాడైపోయిందని బోలెడు టెన్షన్ పడింది. మెరిసే వైపు ఏదో తెలిస్తే సరే. మ్యాట్ కాగితంలో తెలియకపోతే కొంచెం తడి చేసిన వేలు ఒక మూలకి ఆనించండి. వేలికి కాస్త అతుక్కున్నట్టు అనిపించేదే పూత వైపు.

మామూలు కాగితంలోనూ తేడాలుంటాయి. పల్చటి కాగితం మీద సిరా పీచు వెంట పాకి, అక్షరాల అంచులు నూగునూగుగా తయారవుతాయి. గాల్లో చెమ్మ పీల్చిన కాగితానికీ ఇదే జబ్బు. నేను ప్రూఫులకి 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాముల బరువు) కాగితం వాడతాను, ట్రేలో 20 కన్నా ఎక్కువ ఉంచను, మిగతాది ప్యాకెట్‌లోనే మడిచి పెడతాను. అనుమానం వస్తే కొత్త ప్యాకెట్‌లోంచి ఒక్క కాగితం తీసి అదే పేజీ వేసి చూడండి. నిమిషంలో తేలిపోతుంది.

తర్వాత సెట్టింగ్. ప్రింట్ కొట్టే ముందు పేపర్ టైప్ అని అడుగుతుంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. ట్రేలో ఏ కాగితం ఉందో ప్రింటర్‌కి మనం చెప్పాలి, చాలా ప్రింటర్లు దాన్ని చూసి తెలుసుకోలేవు. ట్రేలో మామూలు కాగితం పెట్టి సెట్టింగ్‌లో ఫొటో పేపర్ అని వదిలేస్తే సిరా అతిగా పడి కాగితం తడిసి వంకర్లు పోతుంది. ఫొటో పేపర్ పెట్టి ప్లెయిన్ అని వదిలేస్తే రంగులు వెలవెలబోతాయి, నలుపు చేతికి అంటుకుంటుంది. దీనికి కారణం ఉంది. చాలా ఇంటి ప్రింటర్లలో నలుపు పిగ్మెంట్ సిరా, రంగులు డై సిరా, అంటే రంగు ద్రవంలో పూర్తిగా కరిగి ఉండే సిరా. పిగ్మెంట్‌లో రంగు నలుసులుగా ఉంటుంది కాబట్టి మామూలు కాగితం మీద పైనే నిలిచి అక్షరం పదునుగా వస్తుంది, నీటి చుక్క పడినా చెరగదు. అదే నిగనిగలాడే ఫొటో పేపర్ మీద ఇంకక, పైపైనే ఉండిపోతుంది. అందుకే ఫొటో పేపర్ అని చెప్పినప్పుడు ఇలాంటి ప్రింటర్ నల్ల సిరాను పక్కన పెట్టి, మూడు రంగులూ కలిపి నలుపు తయారుచేస్తుంది.

ఇందులోంచి ఒక ఉపాయం కూడా దొరుకుతుంది. నల్ల సిరా నాజిల్స్ మూసుకుపోయిన రోజున అర్జెంటుగా రెండు పేజీలు కావాలంటే, మామూలు కాగితమే పెట్టి, పేపర్ టైప్‌లో మ్యాట్ పేపర్ అనో ఫొటో పేపర్ అనో ఎంచుకుని వేయండి. రంగులు కలిపిన నలుపుతో పని గడుస్తుంది. కాస్త గోధుమ రంగు తిరిగినట్టుంటుంది కానీ చదవడానికి ఇబ్బంది లేదు.

క్వాలిటీ సెట్టింగ్ డ్రాఫ్ట్‌లో, అంటే అన్నిటికన్నా తక్కువ క్వాలిటీలో, ఉందేమో కూడా చూసుకోండి. డ్రాఫ్ట్‌లో హెడ్ వేగంగా పరుగెత్తి సిరా పొదుపుగా చిమ్ముతుంది. క్వాలిటీ పెంచితే అదే చోట రెండు మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి ఒక నాజిల్ వదిలేసిన చోటు ఇంకోటి పూరిస్తుంది. నా ‘బాద’ పేజీలన్నీ డ్రాఫ్ట్‌లో తీసినవే. ఇప్పుడు ప్రూఫుకి డ్రాఫ్ట్ వాడను.

ఫైలు సంగతి క్లుప్తంగా చెప్తాను. ఫోన్‌లో మెసేజ్‌గా వచ్చిన ఫొటో అప్పటికే కుదించినదై ఉండొచ్చు. 4 అంగుళాలకి 6 అంగుళాల ఫొటో 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) బాగా రావాలంటే 1200కి 1800 పిక్సెల్స్ కావాలి. అంత లేకపోతే ఏ ప్రింటరూ ఆ వివరాన్ని పుట్టించలేదు. ఒరిజినల్ ఫైలు అడిగి తెప్పించుకోండి.

నిలువు గీతలు రెండుగా కనిపిస్తే, పెట్టెల అంచులు మెట్లు మెట్లుగా వస్తే, అది అలైన్‌మెంట్. హెడ్ ఎడమ నుంచి కుడికి వెళ్తూ, తిరిగి వస్తూ రెండు వైపులా సిరా వేస్తుంది. ఆ రెండూ కలవడం లేదన్నమాట. మెనూలో హెడ్ అలైన్‌మెంట్ వేసి, అది ఇచ్చే నమూనాల్లో చక్కగా కలిసిన దాని నంబరు కొట్టాలి. కొన్ని ప్రింటర్లయితే ఆ కాగితాన్ని స్కానర్ మీద పెట్టమంటాయి. వెంటనే తేడా చూడాలంటే సెట్టింగ్స్‌లో హై స్పీడ్ లేదా బైడైరెక్షనల్ అన్నదాన్ని తీసేసి ఒక పేజీ వేయండి. గీత ఒకటే వస్తే కారణం దొరికినట్టే.

కాపీ తీసినప్పుడే చార వచ్చి, కంప్యూటర్ నుంచి వేసినప్పుడు రాకపోతే అది సిరా గొడవే కాదు. స్కానర్ అద్దం మీద మరక ఉంది. పై నుంచి కాగితాలు లాక్కునే ఫీడర్ ఉంటే, పక్కనున్న సన్నటి అద్దం పట్టీ మీద చుక్కంత వైట్‌నర్ ఉన్నా పేజీ పొడవునా గీత పడుతుంది.

గీతలు తెగి ఉంటే

ఇక్కడే దాచిపెట్టిన కాగితాలు పనికొస్తాయి. ఒక క్లీనింగ్ చేసి, మళ్ళీ నాజిల్ చెక్ తీసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. ఖాళీలు ఎక్కడున్నాయో చూడండి.

రెండింట్లోనూ ఖాళీలు అచ్చంగా అవే చోట్ల ఉంటే సిరా గడ్డకట్టి రంధ్రం మూసుకుందని అనుకోవచ్చు. ఖాళీలు చోటు మారుతుంటే, ఇందాక బాగున్న గీత ఇప్పుడు తెగి, తెగిన గీత ఇప్పుడు బాగుంటే, అది గడ్డ కాదు. లోపల గాలి చేరింది, లేదా సిరా సరిగా అందడం లేదు. గాలి చేరినప్పుడు క్లీనింగ్ మీద క్లీనింగ్ కొడితే ఇంకా బుడగలు పుడతాయి. నా ఏడు క్లీనింగులప్పుడు జరిగింది సరిగ్గా ఇదే. గాలికి మందు క్లీనింగ్ కాదు, విశ్రాంతి. ప్రింటర్‌ని దాని పవర్ బటన్‌తో ఆపి, 12 గంటలు కదపకుండా వదిలేసి, అప్పుడు చెక్ తియ్యండి. బుడగలు మెల్లగా పైకి తేలిపోతాయి, ఆరిన సిరా కూడా కొంత నానుతుంది. ఆరోజు రాత్రి విసుగొచ్చి వదిలేసిన ప్రింటరే పొద్దున్న సగం గీతలు తనంతట తనే వేసింది.

కాబట్టి నేను పాటించే లెక్క ఇది: క్లీనింగ్, చెక్, మళ్ళీ క్లీనింగ్, చెక్. రెండుసార్లకి మెరుగవుతుంటే మూడోసారి. అవకపోతే రాత్రంతా ఆపడం. చెక్ తీయకుండా రెండో క్లీనింగ్‌కి ఎప్పుడూ వెళ్ళను. క్లీనింగ్‌లో పారబోసిన సిరా అంతా అడుగునున్న స్పాంజి ప్యాడ్‌లోకి చేరుతుంది. ఆ ప్యాడ్ నిండిందని లెక్క తేలిన రోజున చాలా ప్రింటర్లు ఇక ప్రింట్ వెయ్యవు.

సీసాతో సిరా పోసి నింపుకునే ట్యాంక్ ప్రింటర్లు కొన్నింటిలో పవర్ క్లీనింగ్ అనో, ఇంక్ ఫ్లష్ అనో ఒక పెద్ద క్లీనింగ్ ఉంటుంది. గొట్టాల్లో ఉన్న సిరానంతా లాగేస్తుంది. ట్యాంకులు కనీసం మూడో వంతైనా నిండి ఉన్నాయని కంటితో చూడకుండా దాని జోలికి వెళ్ళకండి. లేకపోతే సిరాకి బదులు గాలి లాగుతుంది.

ఒక రంగు మొత్తానికే లేకపోతే వెతకాల్సిన చోటు వేరు. పక్కింటి అమ్మాయి ఒకరోజు, "అక్కా, ఫొటోలో అందరి మొహాలూ ఆకుపచ్చగా వస్తున్నాయి, కొత్త కాట్రిడ్జే వేశాను" అంటూ వచ్చింది. మొహాలు ఆకుపచ్చ తిరిగితే మజెంటా (ముదురు గులాబీ సిరా) లేదని గుర్తు. ఎర్రగా తిరిగితే సయాన్ (లేత నీలం సిరా), నీలంగా తిరిగితే పసుపు లేదని. చెక్ తీస్తే మజెంటా గడి ఖాళీ. కాట్రిడ్జ్ బయటికి తీసి చూస్తే, గాలి రంధ్రం మీద ఉండే టేపు సగమే చిరిగి మిగతాది అలాగే ఉంది. గాలి లోపలికి పోకపోతే సిరా బయటికి రాదు. టేపు పీకి, మళ్ళీ పెట్టి, ఒక్క క్లీనింగ్ చేశాం. మొహాలు మొహాల రంగులోకి వచ్చాయి. ట్యాంక్ ప్రింటరైతే సిరా మట్టం కింది గీత దాకా దిగిందేమో చూడండి. ఇల్లు మారేటప్పుడు సిరా ఒలకకుండా తిప్పే లాక్ ఏదైనా ఉంటే, అది మూసి ఉండిపోయిందేమో చూడండి.

చేత్తో కడగాల్సి వస్తే

ముందు మీ ప్రింట్ హెడ్ ఎక్కడుందో తెలుసుకోండి. ఎచ్‌పీ వాళ్ళ చాలా ప్రింటర్లలో, కెనాన్ వాళ్ళ కొన్నింటిలో హెడ్ కాట్రిడ్జ్‌కే అతికి ఉంటుంది. కాట్రిడ్జ్ అడుగున రాగి రంగు రేకు, దాని మధ్య సన్నటి పట్టీ కనబడితే అదే హెడ్. ఇది సులువైన రకం. లోతు తక్కువ గిన్నెలో గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్ అడుగు తడిసేంత పోసి, నాజిల్ వైపు మాత్రమే ఆనేలా రెండు మూడు నిమిషాలు ఉంచండి. తీసి, మడిచిన టిష్యూ మీద మెల్లగా అద్దండి, రుద్దకండి. మూడు రంగుల కాట్రిడ్జ్ అయితే మూడు పట్టీలు పక్కపక్కన పడాలి. పడ్డాయంటే హెడ్ తెరుచుకుంది. పెట్టే ముందు రాగి కాంటాక్టుల్ని పోగులు రాలని గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.

కుళాయి నీళ్ళు వద్దు. అందులోని ఖనిజ లవణాలు ఆరాక, మీరు తెరిచిన రంధ్రాన్నే మళ్ళీ మూస్తాయి.

ఎప్సన్, బ్రదర్ ప్రింటర్లలో హెడ్ మామూలుగా ప్రింటర్‌లోనే ఉంటుంది, మనం తీసేది కాదు. ఇక్కడ కొంచెం ధైర్యం, ఎక్కువ నిదానం కావాలి. ప్రింటర్ ఆన్ చేసి, హెడ్ కదులుతున్నప్పుడు ప్లగ్ తీసేస్తే అది పార్కింగ్ చోటు వదిలి మధ్యలో ఆగుతుంది. అప్పుడు మడిచిన పేపర్ టవల్ ముక్క మీద నాలుగైదు చుక్కల డిస్టిల్డ్ వాటర్ గానీ, హెడ్ క్లీనింగ్ ద్రవం గానీ వేసి, హెడ్ వెళ్ళే దారిలో పరిచి, హెడ్‌ను చేత్తో నెమ్మదిగా దాని మీదకి జరపండి. గట్టిగా అనిపిస్తే నెట్టొద్దు, టవల్ మందం తగ్గించండి. కొన్ని గంటలు అలా ఉంచి, టవల్ తీసేసి, ప్లగ్ పెట్టి ఒక క్లీనింగ్, ఒక చెక్.

హెడ్ ఆగే చోట రబ్బరు అంచుతో చిన్న గిన్నె లాంటిది ఉంటుంది. హెడ్‌ను మూసే మూత అదే, క్లీనింగ్‌లో సిరా లాగేదీ దాని ద్వారానే. రబ్బరు అంచు మీద సిరా పేరుకుంటే మూత బిగుసుకోదు, హెడ్ రోజూ ఆరిపోతుంది. క్లీనింగ్ ఎన్నిసార్లు చేసినా మార్పు లేనప్పుడు నేను ముందు చూసేది ఇదే. డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన దూదిపుల్లతో అంచు చుట్టూ తుడిచి, గిన్నెలో కొన్ని చుక్కలు వేసి, క్లీనింగ్ పెట్టండి. ఆ నీళ్ళు లోపలికి పోతే పంపు పనిచేస్తోంది. అలాగే నిలిచి ఉంటే పంపో, దాని గొట్టమో పోయింది. అక్కడితో ఆపి మెకానిక్‌కి చూపించండి.

హెడ్ వెనకాల, అది తిరిగే పొడవునా పారదర్శకంగా ఒక సన్నటి ప్లాస్టిక్ పట్టీ సాగదీసి ఉంటుంది. దాని మీది గీతలు చదువుకునే హెడ్ తానెక్కడుందో తెలుసుకుంటుంది. దాని మీద సిరా మరక గానీ గ్రీజు గానీ పడితే అక్షరాలు పక్కకి జరిగిపోతాయి, హెడ్ గోడకి కొట్టుకుంటుంది. ప్లగ్ తీసి, కొంచెం తడిపిన మెత్తటి గుడ్డతో రెండు వేళ్ళ మధ్య పట్టీని పట్టుకుని తేలిగ్గా తుడవండి. లాగితే కొక్కెం నుంచి ఊడి వస్తుంది. పక్కనున్న ఇనప కడ్డీకి రాసిన గ్రీజు ఆ గుడ్డకి అంటకుండా చూసుకోండి.

కాగితం వెనక సిరా మరకలు వస్తుంటే రోలర్ల మీదో, హెడ్ కిందున్న పలక మీదో సిరా పడి ఉంది. అంచులు లేకుండా ఫొటోలు వేసేవాళ్ళకి ఇది మామూలే. మెనూలో రోలర్ క్లీనింగ్ ఉంటే వాడండి, లేకపోతే ఖాళీ కాగితాలు మరక రాని దాకా పంపించండి.

ఇన్ని చేసినా అదే చోట అదే ఖాళీ నెలల తరబడి ఉంటే ఆ నాజిల్ చచ్చిపోయింది. వేడితో సిరా చిమ్మే హెడ్‌లలో సిరా లేకుండా ప్రింట్లు కొడితే ఇలా అవుతుంది, ఎందుకంటే ఆ వేడిని తీసుకెళ్ళేది సిరానే. సిరా తక్కువైందని హెచ్చరిక వచ్చాక ఇంకో పది పేజీలు పిండుకోవాలని చూడకండి.

ఆరకుండా ఉంచడానికి

ప్రింటర్‌ని గోడ స్విచ్‌తో ఆపొద్దు. దాని సొంత పవర్ బటన్ నొక్కితేనే హెడ్ వెళ్ళి మూత మీద కూర్చుంటుంది. పని మధ్యలో గోడ స్విచ్ ఆపేస్తే నోరు తెరుచుకునే ఉండి ఆరిపోతుంది. మా ఇంట్లో ఆ ప్లగ్ మీద కాగితం ముక్క అతికించి, "ముందు ప్రింటర్ బటన్" అని రాసి పెట్టాను.

ప్రతి సోమవారం ఒక పేజీ వేస్తాను. పైన సయాన్, మజెంటా, పసుపు, నలుపు రంగుల్లో వేలెడు వెడల్పున నాలుగు పట్టీలు. వాటి కింద, 9 పాయింట్లలో, పేజీ అడుగు దాకా ఇవే వరసలు: ఖ ఘ ఛ ఝ ఠ ఢ థ ధ ఫ భ. పట్టీల్లో చార ఉంటే ఏ రంగులో తేడా వచ్చిందో తెలుస్తుంది. అక్షరాల్లో ఒక్క ఒత్తు పోయినా, ఆ వారం ప్రూఫు తీసే ముందు నాజిల్ చెక్ వేస్తాను.